ట్రౌట్ వాగుకి తేలికపాటి ఫ్లై ఫిషింగ్ సామాను: తిరుపతి నుంచి పోయేవాళ్ళు ఏం కొనాలి, ఏం కొనకూడదు

ఫ్లై ఫిషింగ్ అంటే ఈక, దారంతో కట్టిన పురుగు బొమ్మతో (దాన్నే ఫ్లై అంటారు) చేపలు పట్టడం, ట్రౌట్ అంటే చల్లటి కొండవాగుల్లో ఉండే చేప. ముందే చెప్పేస్తా, మన తిరుపతి చుట్టుపక్కల ట్రౌట్ లేదు. స్వర్ణముఖిలో లేదు, కల్యాణి డ్యామ్‌లో లేదు, పిచ్చాటూరు ఆరణియార్‌లోనూ లేదు. దానికి చల్లటి నీళ్ళు కావాలి, అవీ పారే నీళ్ళు కావాలి, 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి, 20 దాటితే నీళ్ళలో ఆక్సిజన్ చాలక అల్లాడిపోతాది. మన దగ్గర మే నెల్లో మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటాది, ఇంక ట్రౌట్ యాడ బతుకుతాది. అందుకని మనం సంవత్సరానికి ఒకసారో రెండుసార్లో హిమాచల్‌కో కశ్మీర్‌కో పోయి పట్టాల్సిందే, సామాను కొనేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి చాలు, సగం తప్పులు తప్పిపోతాయి.

నేను చేసిన తప్పులు చెప్తా. మొదటిసారి ఆన్‌లైన్‌లో ఒక కాంబో సెట్ చూసి, రేటు తక్కువ, బొమ్మ బాగుంది, రాడ్ రీల్ లైన్ డబ్బా అన్నీ ఒకే ప్యాకెట్లో వస్తాయని కొనేసినా. వచ్చింది 9 అడుగుల 8వ నంబరు రాడ్, నంబరంటే ఏందో కింద చెప్తా. అది సముద్రం ఒడ్డున పెద్ద చేపలకి వాడేది, నేనేమో మంచం వెడల్పు కూడా లేని వాగులో జానెడు ట్రౌట్ కోసం ఎత్తుకుపోయినా. లైన్ నీళ్ళలో పడితే గచ్చు మీద తడిబట్ట ఉతికినట్టు ధబీమని చప్పుడు, ఉండే నాలుగు చేపలు రాళ్ళ కిందకి పోయినాయి, సాయంత్రానికి నా భుజం కూడా పోయింది. మా అమ్మ అయితే ఇప్పటికీ ఎగతాళి చేస్తాది, రెండువేల కిలోమీటర్లు పోయి చేపల్ని భయపెట్టేసి వచ్చినాడని.

సరే, పనిలోకి వద్దాం.

ముందు ఏ నీళ్ళకి పోతున్నారో తేల్చుకోండి

ట్రౌట్ మన దేశపు చేప కాదు, బ్రిటిష్ వాళ్ళు గుడ్లు ఓడల్లో తెప్పించి కొండప్రాంతాల్లో వదిలినారు, కులు లోయలో 1909లోనే హేచరీ పెట్టినారు. ఇప్పుడు మనోళ్ళు జాస్తి పోయేది హిమాచల్‌లో తీర్థన్ నదికి, గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ వైపు నుంచి దిగి వచ్చే నది అది, మధ్యరకం సైజు, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా ఉంటాది, మధ్యమధ్యలో పెద్ద పెద్ద బండరాళ్ళు. బరోట్ దగ్గర ఊల్ నది కూడా ఇట్లాంటిదే. కశ్మీర్‌లో లిద్దర్ అయితే ఇంకొంచెం పెద్దది, గాలి కూడా జాస్తి. దగ్గర్లో కావాలంటే నీలగిరుల్లో అవలాంచి వైపు, కేరళలో మున్నార్ వైపు ట్రౌట్ ఉంది, కానీ అక్కడ అడవి శాఖ అనుమతి, ఫిషరీస్ అనుమతి రెండూ ముందే అడిగి తెలుసుకోకుండా బండెక్కొద్దు.

సీజన్ కూడా చూసుకోవాలి. హిమాచల్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ పట్టడం బంద్, అది గుడ్లు పెట్టే కాలం. జులై ఆగస్టుల్లో వానలకి నీళ్ళు ఎర్రగా బురదబురదగా వస్తాయి, ఫ్లై వేసినా చేపకి కనపడదు. నా లెక్కలో మార్చి ఏప్రిల్, లేదంటే సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్. లైసెన్స్ అక్కడి ఫిషరీస్ వాళ్ళ దగ్గర తీసుకోవాలి, మీరు దిగే హోమ్‌స్టే వాళ్ళని అడిగితే ఎక్కడిస్తారో చెప్తారు.

ఇవన్నీ సామానుకి ఎందుకంటే, చిన్న వాగైతే చిన్న రాడ్, గాలి ఉండే పెద్ద నది అయితే ఒక నంబరు పెద్దది, అంతే.

రాడ్ కంటే ముందు లైన్ నంబరు

ఇది అర్థమైతే మిగతా అంతా సులువు. మన ఊర్లో చెరువు గట్టున గాలం వేసేటప్పుడు ఏం చేస్తాం, చివర సీసం గుండో బరువైన ఎరో ఉంటాది, దాన్ని విసిరితే అది పోతా పోతా దారాన్ని లాక్కుపోతాది. ఫ్లై ఫిషింగ్‌లో దీనికి తలకిందులు. కొక్కేనికి రవ్వంత ఈక, దారం చుట్టిన పురుగు బొమ్మ, దానికి బరువే లేదు, గాలికి ఎగిరిపోతాది. అందుకే లైన్‌నే లావుగా బరువుగా చేస్తారు, మనం విసిరేది లైన్‌ని, పురుగు దాని వెనక తోకలాగా పోతాది.

కాబట్టి లైన్ బరువుకి నంబర్లు పెట్టినారు. మొదటి 30 అడుగుల లైన్ తూకం వేస్తే 3వ నంబరుకి 100 గ్రెయిన్లు, 4కి 120, 5కి 140, 6కి 160. గ్రెయిన్ అంటే మనకేం తెలుస్తాది గానీ, 120 గ్రెయిన్లు అంటే ఇంచుమించు 7.8 గ్రాములు. ఒక సవర బంగారం 8 గ్రాములు కదా, అంటే 4వ నంబరు లైన్ ముప్పై అడుగులు కలిపి ఒక సవర కూడా లేదు. ఆ రవ్వంత బరువుతోనే మనం ఆట ఆడాల. రాడ్ మీద 4 అని రాసుంటే ఆ సవర బరువుకి సరిగ్గా వంగేట్టు చేసినారని అర్థం. దాని మీద 6వ నంబరు లైన్ వేస్తే వడిలిపోయిన తోటకూర కాడ మాదిరి వేలాడతాది, 2 వేస్తే అసలు వంగనే వంగదు.

నా సలహా ఒకటే, ఒకే ఒక సెట్ కొనాలనుకుంటే 4వ నంబరు కొనండి. చాలామంది 5 చెప్తారు, అది తప్పేం కాదు, కశ్మీర్‌కే పోతామంటే 5 మంచిదే, గాలిని తట్టుకుంటాది. 3వ నంబరు ముద్దుగా ఉంటాది, జానెడు చేప పడినా ధనుస్సు మాదిరి వంగిపోతాది, కానీ కొత్తవాళ్ళకి రవంత గాలి వీచినా చిరాకు తెప్పిస్తాది. 2, 1 నంబర్లు గురించి ఇప్పుడు ఆలోచించొద్దు, అవి పెళ్ళయినాక పదేళ్ళకి కొనుక్కునే పట్టుచీర మాదిరి, అలమారలోనే ఉంటాయి.

రాడ్

పొడవు. చుట్టూ చెట్లు కమ్ముకుని ఉండే సన్న వాగైతే 7 లేదా 7న్నర అడుగులు. తీర్థన్ లాంటి దానికి 8 లేదా 8న్నర. 9 అడుగులది పెద్ద నీళ్ళకి. నేను 8న్నర వాడతా, చెట్టు కొమ్మల కింద కొంచెం ఇబ్బందే, కానీ అవతల రాయి వెనక ఉండే నీళ్ళ మీదకి లైన్ ఎత్తి పట్టుకోవాలంటే పొడవు పనికొస్తాది.

వంపు. షాపుల్లో ఫాస్ట్ యాక్షన్, మీడియం, స్లో అని చెప్తారు. ఫాస్ట్ అంటే కొన మాత్రమే వంగుతాది, దూరం పోతాది, కానీ చెయ్యి టైమింగ్ కరెక్టుగా ఉండాల. వాగులో మనం వేసేది 20, 30 అడుగులే, వంద అడుగులు కొట్టి ఎవరికి చూపించాలి. అందుకే మీడియం తీసుకోండి, సగం దాకా వంగుతాది, నింపాదిగా ఉంటాది, మీ తప్పుల్ని కొంచెం మన్నిస్తాది.

దేంతో చేసింది అంటే, ఇప్పుడు వచ్చేవి జాస్తి గ్రాఫైట్, తేలిక. ఫైబర్‌గ్లాస్ కొంచెం బరువు, మెత్తన, చిన్న వాగుకి దాని సుఖమే వేరు, దొరికితే ఒకసారి పట్టుకుని చూడండి. వెదురు రాడ్లు కూడా ఉన్నాయి, చీల్చి అతికించి చేస్తారు, రేటు గురించి మాట్లాడొద్దు. ఒక సంగతి మాత్రం చెప్పాల, అమెరికాలో మొదట్లో ఆ రాడ్లు చేసింది మన దేశం నుంచి పోయిన వెదురుతోనే, కలకత్తా కేన్ అనేవాళ్ళు దాన్ని, తర్వాతే చైనా టాంకిన్ వెదురుకి మారినారు. మన వెదురుతో వాళ్ళు రాడ్ చేసి, ఇప్పుడు మనం వాళ్ళ దగ్గర కొంటా ఉన్నాం.

ముక్కలు. ఇది మనకి చాలా ముఖ్యం ఎందుకంటే ప్రయాణం దూరం. రెండు ముక్కల రాడ్ వద్దే వద్దు, రైల్లో దాన్ని పట్టుకుని నిలబడాల్సి వస్తాది. నాలుగు ముక్కలది తీసుకుంటే 8న్నర అడుగుల రాడ్ ఒక్కో ముక్క రెండు అడుగుల చిల్లర ఉంటాది, ట్యూబ్‌తో కలిపి రెండున్నర అడుగులు. పై బెర్త్‌లో తలకాయ పక్కన పెట్టుకుని పడుకోవచ్చు. విమానంలో చేతి బ్యాగుగా పోదు, చెకిన్ చెయ్యాల్సిందే, ట్యూబ్ గట్టిదై ఉండాల, గుడ్డ సంచిలో వేసి ఇస్తే దిగేసరికి నాలుగు ముక్కలు ఆరవుతాయి.

కొనేటప్పుడు చేతిలో పట్టుకునే అవకాశం ఉంటే మూడు చూడండి. కార్క్ పిడిలో గుంటలు పూడ్చిన చోట్లు జాస్తి ఉన్నాయా, లైన్ పోయే రింగులన్నీ ఒకే గీతలో ఉన్నాయా, ముక్కలు కలిపితే కటకటమంటా ఉందా. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ ఉందో లేదో ముందే చూసుకోండి, నాకు మొదటి రాడ్ అప్పుడు ఆ బుద్ధి లేదు.

ఇంకో మాట, రాడ్ నది దగ్గర విరిగేది తక్కువ, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌కి, ఆటో డోర్‌కి, కారు డిక్కీకి విరిగేదే జాస్తి. కొరియర్ వచ్చిన రోజు ఆత్రంగా హాల్లో నాలుగు ముక్కలూ బిగించి పైకెత్తి ఊపినారనుకోండి, ఫ్యాన్ తిరుగుతా ఉంటాది, అయిపోయింది కథ. ముందు ఫ్యాన్ ఆపండి, లేదంటే వీధిలోకి పోండి.

రీల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు

చిన్న ట్రౌట్‌కి రీల్ అంటే లైన్ చుట్టిపెట్టుకునే డబ్బా, అంతే. చేపని చేత్తోనే లైన్ లాగి తెచ్చుకుంటాం. డిస్క్ డ్రాగ్ (చేప లాగేటప్పుడు లైన్‌కి పడే బ్రేకు), అది ఇది అని అమ్మేవాళ్ళు చాలా చెప్తారు, అవి సముద్రపు చేపలకి. కిర్ కిర్‌మని చప్పుడు చేసే పాతకాలం క్లిక్ రీల్ చాలు, 4వ నంబరు లైన్ పట్టేది, వంద గ్రాముల అటు ఇటు బరువుండేది చూడండి. స్పూల్ మధ్యలో లావుగా ఉండే లార్జ్ ఆర్బర్ అయితే లైన్ స్ప్రింగ్ మాదిరి చుట్టలు చుట్టలుగా రాదు. రీల్ బిగించి, లైన్ ఎక్కించి, కార్క్ పిడి పైకొన కింద ఒక వేలు పెట్టి నిలబెట్టి చూడండి, త్రాసు మాదిరి సమంగా నిలబడితే మంచిది, కొన కిందికి వాలిపోతా ఉంటే రోజంతా మణికట్టు నొప్పి. మరీ తేలిక రీల్ కొంటే వచ్చే తంటా ఇదే, తేలిక అంటే అన్నీ తేలిక అని కాదు.

రీల్‌కి లైన్ కంటే ముందు బ్యాకింగ్ అని డాక్రాన్ దారం ఎక్కిస్తారు, 20 పౌండ్లది ఒక 50 గజాలు. ఎడమ చేత్తో తిప్పుతారా కుడి చేత్తోనా అని బ్యాకింగ్ చుట్టకముందే తేల్చుకోండి, తర్వాత మార్చాలంటే మొత్తం ఊడదియ్యాల.

దుడ్లు పెట్టాల్సింది ఇక్కడ

లైన్. అందరూ రాడ్‌కి వేలు పోసి లైన్ దగ్గర పిసినారితనం చేస్తారు. పైన చెప్పినా కదా, విసిరేది లైన్‌నే. మామూలు రాడ్ మీద మంచి లైన్ వేస్తే సాఫీగా పోతాది, ఖరీదు రాడ్ మీద చౌక లైన్ వేస్తే చుట్టలు పడి, పగిలి, నీళ్ళలో మునిగి ఏడిపిస్తాది. కాంబో సెట్లు వద్దనడానికి అసలు కారణం ఇదే, దాంట్లో రాడ్ ఒక మాదిరిగా ఉంటాది, లైన్ మాత్రం బట్టలారేసే ప్లాస్టిక్ తాడు. రాడ్‌కి ఎంత పెట్టినారో దాంట్లో సగమైనా లైన్‌కి పక్కన పెట్టుకోండి.

డబ్బా మీద డబ్ల్యూఎఫ్ 4 ఎఫ్ అని ఉంటాది. డబ్ల్యూఎఫ్ అంటే బరువంతా ముందు భాగంలో ఉండేది, 4 అంటే నంబరు, చివరి ఎఫ్ అంటే నీళ్ళ మీద తేలేది. డీటీ అని ఇంకోటి ఉంది, రెండు కొనలూ ఒకే మాదిరి సన్నబడతాయి, ఒక కొన అరిగిపోతే ఊడదీసి తిరగేసి కట్టుకోవచ్చు, ఒక లైన్ రేటుకి రెండు లైన్లు. చిన్న వాగులో 30 అడుగుల లోపలే వేసేవాళ్ళకి డీటీ మెత్తగా వాలుతాది కూడా, నాకు అదే ఇష్టం. ఎస్ అని ఉంటే మునిగేది, అది ఇప్పుడు మనకొద్దు. కొన్ని కంపెనీలు లైన్ మీద 4 అని రాసి అసలు తూకం అర నంబరు జాస్తి పెడతాయి, కొత్త ఫాస్ట్ రాడ్లు వంగాలని. డబ్బా వెనక గ్రెయిన్లు రాసుంటారు, చూసి కొనండి. రంగు పచ్చటిదో నారింజో ఏదైనా మీ కంటికి కనపడేది తీసుకోండి.

లైన్ చివర లీడర్. ఇది మొదట్లో లావుగా ఉండి కొసకి సన్నబడతా పోయే నైలాన్ దారం, చిన్న వాగుకి 7న్నర అడుగులు, కొంచెం పెద్ద నిలకడ నీళ్ళకి 9. దాని కొసకి ఇంకా సన్నటి టిప్పెట్ కట్టి, టిప్పెట్‌కి ఫ్లై కడతాం. టిప్పెట్ సైజులు 4ఎక్స్, 5ఎక్స్, 6ఎక్స్ అని ఉంటాయి, నంబరు పెరిగే కొద్దీ సన్నం. లెక్క సులువు, 11లోంచి ఆ నంబరు తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తాది, 5ఎక్స్ అంటే 6, అంటే మిల్లీమీటర్‌లో 0.15. ఏ ఫ్లైకి ఏది అంటే ఫ్లై నంబరుని, అంటే దాని కొక్కెం సైజు నంబరుని, మూడుతో భాగించండి, 15, 16 నంబరు ఫ్లైకి 5ఎక్స్, 12కి 4ఎక్స్. రెండు చుట్టలు కొంటే చాలు, 4 ఇంకా 5. ఫ్లోరోకార్బన్ అని ఖరీదుది ఇస్తారు, అది మునిగే రకం, పైన తేలే ఫ్లైకి మామూలు నైలానే మేలు.

ముడులు ఇంట్లోనే నేర్చుకోవాల. ఫ్లై కట్టేదానికి క్లించ్ ముడి, లీడర్‌కి టిప్పెట్ కలిపేదానికి సర్జన్ ముడి, ఈ రెండు వస్తే వాగు దగ్గర బతికిపోతారు. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడపండి, పొడిగా బిగిస్తే వేడికి దారం బలం పోతాది. గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలు కట్టే అక్కల్ని చూడండి, మనతో బేరమాడతా, పక్కనామెతో మాట్లాడతా, చేతుల వైపు చూడకుండానే మూరలు మూరలు కట్టేస్తారు. ఆ మాదిరి చెయ్యికి రావాల ముడి, ఎందుకంటే మంచు కరిగిన నీళ్ళలో వేళ్ళు కొయ్యబారినాక కళ్ళు చూసి చెప్పినా చెయ్యి వినదు. టీవీ చూస్తా ఒక వారం కట్టండి చాలు.

ఫ్లైలు, పది చాలు

కొక్కెం నంబరు కూడా తలకిందులే, పెద్ద నంబరు అంటే చిన్న కొక్కెం. 12 నుంచి 18 మధ్యలో తీసుకోండి. పైన తేలేవి ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్. మునిగేవి ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్, బంగారు రంగు పూస ఉండేవి. ఒకటి రెండు నల్ల వూలీ బగ్గర్, 10వ నంబరు. ఒక్కోటి రెండు మూడు సైజుల్లో ఉంటే అగ్గిపెట్టె అంత డబ్బా నిండుతాది. వంద ఫ్లైల సెట్లు రంగురంగులుగా వస్తాయి, చూడ్డానికి రాఖీ పండగ అంగడి మాదిరి, వాటి జోలికి పోకండి, రంగు పోతాది, కొక్కెం వంగుతాది. చేప తినేదాంట్లో జాస్తి భాగం నీళ్ళ లోపలే, కాబట్టి మునిగేవి ఇంకో నాలుగు పెట్టుకుంటే నష్టం లేదు.

కొన్నాక శ్రావణంతో కొక్కెం ముల్లుని నొక్కేయండి. చేపని వదిలేటప్పుడు సులువు, మీ చెవికి గుచ్చుకున్నప్పుడు ఇంకా సులువు. గుచ్చుకుంటాది, నమ్మండి.

ఫ్లైలు సొంతంగా కట్టుకునేవాళ్ళకి మన జిల్లాలో నాటుకోడి మెడ ఈకలకి కొదవ లేదు, హ్యాకిల్ అని వేలు పోసి కొనేది పుంజు మెడ ఈకనే. ఆదివారం చికెన్ అంగడి దగ్గర అడిగితే ఊరికే ఇస్తారు, విచిత్రంగా చూస్తారు గానీ ఇస్తారు.

చిల్లర సామాను మన ఊర్లోనే

ఫిషింగ్ పేరు పెట్టి అమ్మే ప్రతిదానికీ రెండింతల రేటు. దారం కత్తిరించే నిప్పర్ బదులు గోళ్ళ కట్టర్. కొక్కెం తీసే ఫోర్సెప్స్ మెడికల్ సామాన్ల అంగడిలో ఆర్టరీ ఫోర్సెప్స్ అని అడగండి, చిన్నది. ఫ్లై ఎక్కడుందో చూపించే ఇండికేటర్‌కి ఉన్ని దారం ముక్క. జేబుల చొక్కా వద్దు, పదహారు జేబులుంటే పదహారు జేబులూ నింపుతారు, నడుముకి కట్టుకునే చిన్న సంచి చాలు. వల మాత్రం రబ్బరుది కొనండి, నైలాన్ దారం వల చేప ఒంటి మీద జిగురు గీరేస్తాది.

పోలరైజ్డ్ కళ్ళద్దాలు తప్పనిసరి. నీళ్ళ మీద తళతళ పోయి అడుగున చేప, రాయి కనపడతాయి, కొక్కెం నుంచి కంటికి కాపలా కూడా. అసలుదో కాదో కనుక్కోవాలంటే అంగట్లో క్యాలిక్యులేటర్ తీసుకుని అద్దంలోంచి అంకెలు చూస్తా అద్దాన్ని పక్కకి తిప్పండి, ఒక కోణంలో అంకెలు నల్లగా మాయమైతే అసలుది.

కాళ్ళకి. వేడర్లు అని నడుము దాకానో ఛాతీ దాకానో వచ్చే, నీళ్ళు లోపలికి పోని ప్యాంటు ఉంటాది, బరువు, రేటు, కొత్తవాళ్ళకి మొదటి ట్రిప్‌కి అవసరం లేదు, ఒడ్డు మీద నుంచి రాళ్ళ మీద నుంచి వెయ్యొచ్చు. కానీ చెప్పుల్తో మాత్రం దిగొద్దు. మనం కపిలతీర్థం జలపాతం కింద నిలబడ్డవాళ్ళం, నీళ్ళంటే భయం లేదు అనుకుంటాం, ఆ నీళ్ళు వేరప్పా, రెండు నిమిషాలకి కాలు ఉందో లేదో తెలీదు, రాళ్ళ మీద పాచి సబ్బు మాదిరి ఉంటాది. పట్టుండే బూట్లు, ఉన్ని మేజోళ్ళు, చేతిలో గట్టి కర్ర. మోకాలి పైకి దిగకండి.

రీల్ లేకుండా కుదరదా?

కుదురుతాది. టెంకర అని జపాన్ పద్ధతి ఒకటుంది, రాడ్ 12 అడుగుల పొడవు, ఒకదాంట్లోకి ఒకటి దూరి రెండు అడుగుల లోపలికి ముడుచుకుంటాది, బరువు వంద గ్రాముల్లోపే, కొసకే దారం కట్టేసి ఉంటాది, రీల్ లేదు, ఖరీదైన ఫ్లై లైన్ కొనే బాధ లేదు. చూస్తే మన పల్లెల్లో పిల్లోళ్ళు వెదురు బెత్తానికి దారం కట్టి పరిగెలు పట్టే గాలమే, కాకపోతే కార్బన్‌తో చేసినారు. సన్న వాగులకి దీన్ని మించింది లేదు, దూరం వెయ్యలేరు, పెద్ద చేప పడితే దాని వెనక మీరే పరిగెత్తాల. మీకు నిజంగా తేలికే కావాలంటే, ట్రెక్కింగ్‌తో కలిపి పోతా ఉంటే, పైన రాసిందంతా పక్కన పెట్టి ఇదొక్కటి కొనుక్కోండి, నేను తప్పు పట్టను.

ఊర్లోనే చెయ్యి తిప్పుకోండి

రాడ్ వచ్చినాక కనీసం నెల రోజులు ఇక్కడే ప్రాక్టీస్ చెయ్యాల, అంత దూరం పోయి అక్కడ నేర్చుకుందాం అనుకుంటే సెలవులు చెట్ల కొమ్మల్లోంచి ఫ్లై తీసుకోడానికే సరిపోతాయి. పొద్దున్నే ఆరు గంటలకి గడ్డి ఉండే గ్రౌండ్‌కి పోండి. మిద్దె మీద వద్దు, సిమెంట్ గచ్చుకి లైన్ పైపూత గీసుకుపోతాది, పైగా కరెంటు తీగలు, గ్రాఫైట్ కరెంటుని పట్టేస్తాది, జాగ్రత్త. కొక్కెం బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టండి.

30 అడుగుల లైన్ ముందర పరుచుకుని, కొన కింద నుంచి మొదలుపెట్టి వేగం పెంచతా వెనక్కి ఎత్తి, గడియారంలో ఒంటిగంట దగ్గర టక్కున ఆపండి. ఇప్పుడు గమ్మున ఉండండి. కష్టమంతా ఈ గమ్మున ఉండడంలోనే ఉంది. వెనక లైన్ మొత్తం విచ్చుకుని సాగే దాకా ఆగాల, తల తిప్పి చూడండి తప్పు లేదు, అప్పుడు ముందుకి తెచ్చి పది దగ్గర ఆపండి. ఎద్దులబండి తోలేవాళ్ళ చర్నాకోల మాదిరి ఛెళ్ళుమని చప్పుడొచ్చిందంటే తొందరపడినారని, వాగు దగ్గరైతే ఆ చప్పుడుకి ఫ్లై తెగి ఎగిరిపోయి ఉండేది. బలం పెట్టొద్దు, సవర బరువుకి బలం ఎందుకు. గ్రౌండ్‌లో వాకింగ్ వచ్చేవాళ్ళు ఏంది సామీ గాలిపటమా అని అడుగుతారు, అడగనీండి.

పది రోజులకి లైన్ తిన్నగా పోతా ఉంటే నేల మీద ఒక టవల్ పరిచి దాని మీద వాలేట్టు వెయ్యండి, 20 అడుగులు, తర్వాత 30. నిజం చేపల మీద ట్రయల్ వెయ్యాలంటే ఊరి చెరువుల్లో జిలేబి చేపలు ఉంటాయి, చిన్న ఫ్లైకి బాగా వస్తాయి, 4వ నంబరు రాడ్ మీద సరదా. కానీ చెరువులు జాస్తి వేలం పాడుకున్నవాళ్ళవో మత్స్యకారుల సంఘానివో అయ్యుంటాయి, అడిగి వెయ్యండి. శేషాచలం అడవి లోపల, తలకోన వైపు, తీర్థాల్లో, పుష్కరిణుల్లో వద్దు, అది చెప్పాల్సిన పని కూడా లేదు. రాగండి, బొచ్చె ఉండే చెరువులో ఈ రాడ్ వెయ్యకండి, ఐదు కిలోల రాగండి పడిందంటే లైన్ మొత్తం లాక్కుని పోతాది, మీరు గట్టు మీద కార్క్ పిడి పట్టుకుని మిగుల్తారు.

బయల్దేరేటప్పుడు, తిరిగొచ్చినాక

ముందు రోజు రాత్రి అంతా మంచం మీద పరిచి తూకం వెయ్యండి, వంటింటి త్రాసు చాలు. రాడ్, లైన్ ఎక్కించిన రీల్, ఫ్లై డబ్బా, టిప్పెట్ రెండు చుట్టలు, ఒక లీడర్ స్పేర్, కట్టర్, ఫోర్సెప్స్, ఇవన్నీ కలిపి అర కిలో పైన పోతే ఏదో అనవసరమైంది పెట్టినారని. కట్టర్, ఫోర్సెప్స్, కొక్కేలు చేతి బ్యాగులో పెట్టొద్దు, విమానం అయితే తీసేసుకుంటారు. తీర్థన్‌కి రైలైతే తిరుపతి నుంచి ఢిల్లీ నిజాముద్దీన్‌కి సంపర్క్ క్రాంతి ఉంది, అక్కడ్నుంచి మనాలి బస్సెక్కి ఔట్ అనే ఊరి దగ్గర టన్నెల్‌కి ముందరే దిగాల, నిద్రపోతే కులులో తేలతారు. అక్కడ్నుంచి బంజార్, గుషైని వైపు లోకల్ బస్సులు, జీపులు దొరుకుతాయి.

వాగు దగ్గర రాడ్ ముక్కలు కలిపేటప్పుడు రింగుల్ని కొంచెం పక్కకి ఉంచి లోపలికి తోస్తా తిప్పి సరిచెయ్యండి, గంటకోసారి ముక్కలు వదులైనాయేమో చూసుకోండి, వదులైన చోటే విరుగుతాది. చేపని పట్టుకునే ముందు చెయ్యి నీళ్ళలో తడుపుకోండి, నీళ్ళలోనే ఉంచి కొక్కెం తియ్యండి, ఫోటో కోసం నిమిషాలు నిమిషాలు పైకెత్తి పట్టుకోవద్దు.

ఇంటికొచ్చినాక రెండు పనులు. లైన్‌ని గోరువెచ్చటి నీళ్ళలో రవంత సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టి చుట్టండి, బురద ఎండిపోతే లైన్ తేలడం మానేస్తాది. రాడ్ తడిగా ఉండగానే ట్యూబ్‌లో పెట్టి మూత బిగించొద్దు, కార్క్ బూజు పడతాది. ఒక రోజు నీడలో ఆరనిచ్చి పెట్టండి. పెట్టేది కూడా రేకుల అటక మీద కాదు, కారు డిక్కీలో అసలే కాదు, మన ఎండాకాలం వేడికి లైన్ పైపూత జిగట పట్టి చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నాది ఒకటి అట్లే పోయింది, డీటీ లైన్, తిరగేసి కట్టుకుందాం అని దాచిపెట్టిన రెండో కొన కూడా దాంతోనే పోయింది.